కొలబద్దగా నిలబడ్డ మనిషి: ఖలీజ్ ఖాన్ దర్గా దగ్గర తీసిన కొన్ని నలుపు-తెలుపు ఫోటోలు

యుద్ధ స్మారకం అనగానే మనకు సికింద్రాబాద్ పరేడ్ మైదానం పక్కనున్న సైనిక స్మారకమో, ఢిల్లీలోని ఇండియా గేటో గుర్తుకొస్తాయి. ప్రభుత్వాలు కట్టించి, శిలాఫలకం వేసి, ఏటా పూలదండలు పెడుతూ వచ్చిన కట్టడాలవి. కాని రాజేంద్రనగర్ దాటి హిమాయత్‌సాగర్ వైపు పోతే ఒక ఊరి పేరే యుద్ధ స్మారకంగా నిలిచి ఉంది. ఆ ఊరు దర్గా ఖలీజ్ ఖాన్. ఇప్పుడది ఊరులాగ లేదు. చుట్టూ అపార్ట్‌మెంట్లు, ప్లాట్ల బోర్డులు, శంషాబాద్ విమానాశ్రయం దిక్కు ఉరికే కార్లు. అడ్రసు చెప్పేటప్పుడు రోజూ ఆ పేరు పలికే జనంలో చాలామందికి అది ఒక ముట్టడిలో చచ్చిపోయిన సేనాపతి పేరని తట్టదు.

ఖలీజ్ ఖాన్ అసలు పేరు ఖ్వాజా ఆబిద్. సమర్కండ్ ప్రాంతం నుంచి వచ్చి ఔరంగజేబు కొలువులో చేరినవాడు. ఖిలిచ్ ఖాన్ అనేది ఆయన బిరుదు. ఖిలిచ్ అంటే తుర్కీ భాషలో కత్తి. జనం నోళ్ళలో నలిగి అది ఖలీజ్ అయింది. 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు కోట మీంచి వచ్చిన గుండు తగిలి ఆయన చెయ్యి ఎగిరిపోయింది. వైద్యులు భుజంలోంచి ఎముక ముక్కలు ఏరుతుంటే ఆయన చలించకుండా కూచుని, మిగిలిన చేత్తో కాఫీ తాగుతూ, చూడ్డానికొచ్చినవాళ్ళతో ముచ్చట పెట్టాడని మొగలు చరిత్రకారులు మెచ్చుకుంటూ రాశారు. కొద్ది రోజులకే చనిపోయాడు. శరీరాన్ని ఇక్కడ పూడ్చారు. తెగిపడ్డ చెయ్యి తర్వాత దొరికిందని, వేలికున్న ఉంగరాన్ని బట్టి గుర్తుపట్టి దాన్ని పక్కనే ఉన్న కిస్మత్‌పూర్‌లో వేరుగా పూడ్చారని చెప్పుకుంటారు. ఆయన కొడుకు ఫిరోజ్ జంగ్ కూడా అదే ముట్టడిలో సేనాపతి. మనవడు మీర్ ఖమరుద్దీన్ 1724లో హైదరాబాద్‌లో అసఫ్ జాహీ పాలన మొదలుపెట్టిన మొదటి నిజాం. అంటే 1948 దాకా ఈ గోరీ పాలకుల పెద్దతాత గోరీ.

ఒక మనిషి శరీరానికో చోటు, చెయ్యికో చోటు. యుద్ధంలో చచ్చినవాళ్ళకు దక్కే గౌరవం ఎంత దూరం పోగలదో చూడ్డానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన దగ్గర ఇంకోటి లేదు. ఇది నేను వెక్కిరింపుగా అనడం లేదు. చచ్చిన మనిషి చెయ్యిని వెతికి తెచ్చి పూడ్చడం మంచి పనే. అదే ముట్టడిలో చచ్చిన మిగతా వేలమందికి ఏం జరిగిందన్నదే నా ప్రశ్న.

ఈ వ్యాసానికి ఫోటోలు కావాలని ఒక రోజు అక్కడికి పోయాను. మన పత్రిక నలుపు-తెలుపులో అచ్చవుతుంది. రంగుల ఫోటో తీసి అచ్చులో మసకబారడం కంటే నలుపు-తెలుపు ఫిల్ము వాడటమే మేలనుకున్నాను. మిత్రుడి దగ్గర పాత కెమెరా అడిగి తీసుకున్నాను. ముప్పై ఆరు ఫోటోల రీలు ఒకటే. చూసి చూసి వాడాలి. మధ్యాహ్నపు ఎండ గోడ మీద పడి తెల్లగా మెరుస్తోంది. నేను మొత్తం కట్టడం వచ్చేలా వెనక్కి వెనక్కి జరుగుతున్నాను. రోడ్డు పక్కన నీడలో ఒక పెద్ద మనిషి ఊడుస్తోంది. మున్సిపాలిటీ కాంట్రాక్టు కింద పనిచేసే కార్మికురాలు. నన్ను చూసి చీపురు ఆపి, "ఫోటుకు అడ్డమొస్తున్ననా బిడ్డా?" అని అడిగింది. నేను కాదనలేదు, అవుననలేదు. ఆమే పక్కకు జరిగింది. నేను బటన్ నొక్కాను.

ఫిల్ము కడిగి ప్రింట్లు వేసుకున్నాక చూస్తే ఆమె పూర్తిగా పక్కకు పోలేదు. ఫోటో అంచున చీపురూ, సగం భుజమూ, తల ఆకారమూ వచ్చాయి. మొఖం లేదు. ముద్దగా నలుపు.

కెమెరా సంగతి తెలిసినవాళ్ళకు దీని కారణం తెలుసు. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు దేన్ని చూసినా దాన్ని మధ్యరకం బూడిద రంగుగా చెయ్యాలని చూస్తుంది. ఎదురుగా తెల్లని గోడ ఉంటే వెలుతురు ఎక్కువైందని లెక్కగట్టి తగ్గించమంటుంది. మనం తగ్గిస్తాం. గోడ చక్కగా వస్తుంది, గోడ మీది చిన్న చిన్న గీతలు కూడా వస్తాయి. నీడలో ఉన్న నల్లని మనిషి చీకట్లో కలిసిపోతుంది. తప్పు మీటరుది కాదు. దేన్ని చూసి కొలవాలో నిర్ణయించినవాడిది. అంటే నాది.

ఆ ప్రింటు బల్ల మీద పెట్టుకుని గోల్కొండ ముట్టడి గురించి చదవడం మొదలుపెట్టాను.

ముట్టడి దాదాపు ఎనిమిది నెలలు సాగింది. 1687 సెప్టెంబరులో లోపలివాడే ఒకడు తలుపు తియ్యడంతో కోట పడింది. అబుల్ హసన్ తానీషా పట్టుబడ్డాడు. మనం బడిలో చదువుకున్నది ఇంతే. దీన్ని హిందూ-ముస్లిం లెక్కలో పెట్టి చెప్పేవాళ్ళు కూడా ఇప్పుడు తయారయ్యారు. అక్కన్న మాదన్నలను 1686లో చంపారు కాబట్టి అది ధర్మయుద్ధమని ఒకరు, కాదని ఇంకొకరు. ముట్టడించినవాడూ ముస్లిమే, ముట్టడిలో ఉన్నవాడూ ముస్లిమే. మంత్రులు బ్రాహ్మలు. ఈ లెక్కలో ఎవరు గెలిచినా కందకం పూడ్చినవాడు లెక్కలోకి రాడు.

కందకం సంగతి చూడండి. గోల్కొండ కోట చుట్టూ లోతైన కందకం. దాన్ని పూడిస్తే తప్ప గోడ దగ్గరికి పోలేరు. పూడ్చడానికి గుడ్డ సంచుల్లో మట్టి నింపి పడెయ్యాలి. ఔరంగజేబు వజూ చేసుకుని మొదటి సంచిని తన చేత్తో స్వయంగా కుట్టాడని వృత్తాంతాల్లో ఉంది. మొదటి సంచి కుట్టినోడి పేరు మనకు తెలుసు. ఆ తర్వాత సంచులు కుట్టినోళ్ళు, మన్ను తవ్వినోళ్ళు, పైనుంచి గుళ్ళు కురుస్తుంటే మోసుకుపోయి కందకంలో పోసినోళ్ళు ఎవరు? మొగలు సైన్యంలో మట్టిపని చేసేవాళ్ళను బేల్దార్లు అనేవాళ్ళు. నీళ్ళు మోసే భిస్తీలు, పల్లకీలు మోసే కహార్లు, గుర్రాలకు గడ్డి కోసేవాళ్ళు, తోళ్ళపని వాళ్ళు - సైనికుల వెంట ఇంకొక సైన్యం నడిచేది. కోట గోడ కింద పేలుడు మందు కూరిన సొరంగాలు ఎదురుతన్ని పేలినప్పుడు చచ్చినవాళ్ళు మొగలుల మనుషులే. సొరంగం తవ్వేవాడు, మందు మోసేవాడు గోడకు అందరికంటే దగ్గరగా ఉంటాడన్నది చెప్పాల్సిన పనిలేదు.

ఫిరంగులకు పేర్లున్నాయి. ఫతే రహబర్, అజ్దహా పైకర్ అనే ఫిరంగులను గోల్కొండ బురుజుల మీద ఇప్పటికీ చూడొచ్చు. వాటి మీద పారశీకంలో అక్షరాలు పోసి ఉన్నాయి. ఇనుము, కంచు ముద్దకు పేరు పెట్టారు, పాదుషా పేరుతో కలిపి చెక్కారు. వాటిని ఎద్దులు, ఏనుగులు లాగుతుంటే బురదలో దిగబడ్డ బండిచక్రాలకు భుజం పెట్టినోళ్ళున్నారు. పగ్గాలకు, జీనులకు, నీళ్ళ తిత్తులకు, చెప్పులకు తోలు కావాలి. తోలు ఎవరి చేతిమీదుగా వస్తుందో తెలుగు పల్లెలో పుట్టినవాడికి నేను చెప్పక్కర్లేదు. రాజేంద్రనగర్ పక్కనే బండ్లగూడ జాగీర్ ఉంది. ఆ పేరులో బండ్లున్నాయి కదా అని మా మిత్రుడొకడు ఉత్సాహపడ్డాడు. పేరు పట్టుకుని చరిత్ర అల్లే అలవాటు నాకు లేదు. ఆ పని స్థలపురాణాలు రాసేవాళ్ళు మూడు వేల ఏళ్ళ లెక్కలతో బాగానే చేస్తున్నారు.

ఇక అసలు సంగతికొస్తాను. ఆ ఏడు వర్షాలు, కరువు, రోగాలు కలిసి వచ్చాయి. హైదరాబాద్ నగరంలో, మొగలు శిబిరంలో జనం రాలిపోయారు. మొగలు వృత్తాంతాలను ఆధారం చేసుకుని జదునాథ్ సర్కార్ రాసిన ఔరంగజేబు చరిత్రలో ఆ వర్ణన ఉంది. రాత్రి తెల్లారేసరికి పాదుషా గుడారాల చుట్టూ శవాలు కుప్పలు పడేవి. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ఊడ్చేవాళ్ళు వాటిని ఈడ్చుకుపోయి ఏటి ఒడ్డున పడేసేవాళ్ళు. నమాజు లేదు, గుంత లేదు. వానలు వెలిశాక దూరం నుంచి చూస్తే ఎముకల గుట్టలు మంచు కొండల్లాగ తెల్లగా కనిపించాయి.

మొత్తం ముట్టడి వర్ణనలో ఊడ్చేవాళ్ళు కనిపించేది ఈ ఒక్క చోటే. అదీ శవాల గురించి చెప్పేటప్పుడు, దారినపోతూ. వాళ్ళు ఎంతమంది, ఆ రోగాలు వాళ్ళకు తగల్లేదా, వాళ్ళ శవాలను ఎవరు ఈడ్చారు - ఇవేవీ రాసినవాడికి పట్టలేదు. చరిత్రలో మన జాతి జనం దొరికే పద్ధతే ఇది. ఎవరి గురించో రాస్తుంటే వాక్యం అంచున దొరుకుతారు, నా ఫోటో అంచున చీపురు దొరికినట్టు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. ఆ ఊడ్చేవాళ్ళు మన మాల మాదిగలే అని రాసెయ్యాలన్న ఆత్రం మనలో కొంతమందికి ఉంటుంది. నాకూ ఉంది. కాని మొగలు శిబిరం వెంట నడిచే పాకీవాళ్ళు ఎక్కువగా ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళే అయ్యుండాలి. అక్బరు కాలం నుంచి వాళ్ళను హలాల్‌ఖోర్ అని పిలిచేవాళ్ళు. కష్టించి తినేవాడని దానర్థం. పేరు గౌరవంగా పెట్టి పని అదే ఉంచడం గాంధీతో మొదలు కాలేదన్నమాట. మాలలు కావచ్చు, మాదిగలు కావచ్చు, ఉత్తరాది భంగీలు కావచ్చు. శవం ఈడ్చే పని ఏ కులం నెత్తిన పడుతుందో నిర్ణయించే పద్ధతి మాత్రం ఆ శిబిరంలోనూ, ఈ పల్లెల్లోనూ ఒకటే. ఆధారం లేని చోట కులం అంటగట్టకుండానే ఈ మాట అనొచ్చు.

ఇప్పుడు ఫోటోల దగ్గరికి వస్తాను. నలుపు-తెలుపు ఫోటోకు హైదరాబాద్‌లో పెద్ద చరిత్రే ఉంది. లాలా దీన్‌దయాళ్ 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరై, 'రాజా' బిరుదు పొందాడు. కోటలు, మహళ్ళు, సైన్యాల కవాతులు, తెల్లదొరల వేట విడిదులు తీశాడు. ఆయన పనితనాన్ని నేను తక్కువ చెయ్యను. అద్భుతమైన పని. అయితే ఆ కాలపు కట్టడాల ఫోటోలను వరసగా పెట్టుకుని చూడండి. ఆయనవే కాదు, తెల్లవాళ్ళు తీసినవీ, పురావస్తు శాఖవాళ్ళు తీసినవీ. పెద్ద గుమ్మటం, దాని కింద ఒక మూల గోచీ పెట్టుకున్న మనిషి. బురుజు, దాని పక్కన చేతులు కట్టుకున్న మనిషి. ఆ మనిషినెందుకు నిలబెట్టారు? కట్టడం ఎంత ఎత్తుందో చూసేవాళ్ళకు తెలియడానికి. కొలబద్దగా. ఫోటో కింద కట్టడం పేరుంటుంది, ఫోటో తీసినవాడి పేరుంటుంది. కొలబద్దకు పేరెందుకు?

కొలబద్దగా కాకపోతే కొలిపించుకునేవాడిగా. 1868-75 మధ్య 'పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు వేశారు. కులానికో తెగకో ఫోటో. మద్రాసు మ్యూజియం థర్‌స్టన్ దొర మనుషుల ముక్కులు, తలలు కొలిచి, 1909లో ఏడు సంపుటాల్లో దక్షిణాది కులాల పుస్తకం తెచ్చాడు. అందులోనూ ఫోటోలున్నాయి. అక్కడ ఫోటో కింద కులం పేరుంటుంది, మనిషి పేరుండదు. గుమ్మటం పక్కన నిలబడితే ఎత్తుకు కొలత, తెల్లగుడ్డ ముందు నిలబడితే జాతికి కొలత. యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం వాడినైన నేను, నూటయాభై ఏళ్ళ తర్వాత అదే పని చేసి వచ్చాను. కాకపోతే వాళ్ళు మనిషిని పిలిచి నిలబెట్టారు, నేను పక్కకు జరగనిచ్చాను.

పేరు చెక్కితే ఏమవుతుందో కోరేగావ్ చెప్తుంది. పూనా దగ్గర భీమా నది ఒడ్డున 1818 జనవరి 1న పీష్వా సైన్యంతో కుంపిణీ పటాలం తలపడింది. ఆ పటాలంలో మద్రాసు ఫిరంగి దళం వాళ్ళు కూడా రెండు ఫిరంగులతో ఉన్నారు. తర్వాత కుంపిణీవాళ్ళు తమ గొప్ప కోసమే స్తంభం కట్టారు. చచ్చిన తమ సైనికుల పేర్లు చెక్కారు. నలభై తొమ్మిది పేర్లలో ఇరవై రెండింటి చివర 'నాక్' అని ఉంది. మహార్ల పేర్లకు ఉండే తోక అది. చెక్కించినవాడికి ఆ తోకతో పనిలేదు. కాని నూరేళ్ళ తర్వాత మహార్లు ఆ రాయి ముందు నిలబడి తమ తాతలను చదువుకున్నారు. 1927 జనవరి 1న అంబేద్కర్ అక్కడికి వెళ్ళారు. సామ్రాజ్యవాదుల స్తంభానికి దండం పెట్టడమేమిటని ఎద్దేవా చేసినవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 2018లో రాళ్ళు వేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు నా జవాబు చిన్నది. రాయి ఎవరు నాటారన్నది ఒక ప్రశ్న, రాయి మీద ఎవరున్నారన్నది ఇంకో ప్రశ్న. రెండోదాన్ని అడిగే హక్కు రాయి మీద పేరున్నవాళ్ళ మనవలది.

మన తెలుగువాళ్ళకు ఆ తోక కూడా లేకుండా చేశారు. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు పెద్దసంఖ్యలో ఉన్న కాలం ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో 'యుద్ధజాతులు' అనే సిద్ధాంతం తెచ్చి, దక్షిణాదివాళ్ళు పోరాటానికి పనికిరారని తెలుగువాళ్ళను తీసుకోవడం మానేశారు. మహార్లకూ అదే గతి పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే మళ్ళీ మనుషులు కావాల్సి వచ్చింది. దేశం మొత్తం మీద తుపాకి పట్టని పనులకు, అంటే మోతకు, ఊడవడానికి, కంచర గాడిదలు తోలడానికి లక్షలమందిని తీసుకుపోయారు. ఇండియా గేటు మీద పదమూడు వేలకు పైగా పేర్లున్నాయి. ఆ యుద్ధంలో చచ్చిన భారతీయులు డెబ్బై వేలు దాటారు.

రెండోసారి దర్గాకు పోయినప్పుడు పొద్దున్నే పోయాను, ఊడ్చేవాళ్ళు పనిలో ఉండే వేళకు. ఆమె అక్కడే ఉంది. పాలమూరు దిక్కు పల్లె ఆమెది. పెనిమిటితో కలిసి కట్టడాల పనికి వచ్చి, ఆయన పోయాక ఊడ్చే పనిలో చేరింది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా రెండు నెలల జీతం ఆగుతుందని చెప్పింది. "పెద్దమ్మా, మొన్న నిన్ను సగం తీసిన. ఇయ్యాల మొత్తం తీస్త" అన్నాను. నవ్వింది. "నాదెందుకు బిడ్డా, దర్గాది తియ్యరాదు" అంది. ఆ గోరీ ఎవరిదో తెలుసా అని అడిగాను. "పెద్ద మనిషిదంట. లడాయిల చెయ్యి తెగిందంట గద. చెయ్యికి గుడ ఏరే గోరి గట్టిన్రంట" అంది. కాసేపాగి, "మా ఆయన సెంట్రింగు కాడ పడ్డడు. ఆయన గుర్తు ఒక్కటి లేదు, రేషను కార్డుల ఫోటు దప్ప" అంది.

గోడ ముందే నిలబెట్టాను. ఈసారి మీటరును గోడ వైపు పెట్టలేదు. దగ్గరికి పోయి ఆమె మొఖం మీద వెలుతురు కొలిచాను. రెండు మెట్లు ఎక్కువ వెలుతురు ఇవ్వాల్సి వచ్చింది. ఐదు ఫోటోలు తీశాను. మొఖం మీది ముడతలు, ముక్కుపుల్ల, నెత్తికి చుట్టుకున్న తువ్వాలు అంచు, చీపురు పట్టిన చెయ్యి మీద పచ్చబొట్టు - అన్నీ వచ్చాయి. ఫోటో కింద ఏం రాయమంటావని అడిగితే, కాంట్రాక్టరు చూస్తే తంటా అని తన పేరు వద్దంది. పెనిమిటి పేరు రాస్తావా అని అడిగింది. అది కూడా ఈ వ్యాసంలో రాయడం లేదు, ఆమెను పట్టిస్తుందని. ఫోటో వెనక పెన్సిలుతో ఆయన పేరు, పడిపోయిన ఏడాది రాసి ప్రింటు ఆమెకే ఇచ్చాను.

ఆమె దాన్ని ఎండకు పెట్టి చాలాసేపు చూసింది. వెనక గోడ వెలుతురు ఎక్కువై తెల్లకాగితంలాగ మాడిపోయింది.

"నేను మంచిగనే వచ్చిన. గోరి యాడికి వొయింది బిడ్డా?" అని అడిగింది.